రోమ్‌లో సమాధి మీద కోట

అందరికీ నమస్కారం. వచ్చే నెల రోమ్ వెళ్తున్నవాళ్లు కొలోసియంతోనే సరిపెట్టుకోకండి. ఒక్క పూట అప్పియన్ దారికి, అంటే ప్రాచీన రోమన్లు వేసిన రాతి రహదారికి ఇవ్వండి. నిన్న అక్కడ సిసీలియా మెటెల్లా అనే ప్రాచీన రోమన్ మహిళ సమాధి చూసొచ్చాను, ఇంకా కళ్లముందే ఉంది.

క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం చివర్లో కట్టింది. దాదాపు 29 మీటర్ల వెడల్పున్న గుండ్రటి రాతి కట్టడం. మన గాదెను వందరెట్లు పెంచినట్టు ఉంటుంది! పైఅంచున పూలదండలు, వాటి మధ్య ఎద్దు పుర్రెలు చెక్కారు. ఆ పుర్రెల వల్లే ఆ చోటికి కాపో ది బోవే, అంటే ఎద్దు తల అని పేరొచ్చింది. కింద చలువరాతి ఫలకం మీద ఆవిడ ఫలానా క్రెటికస్ కూతురు, క్రాసస్ భార్య అని మాత్రమే ఉంది. అంత పెద్ద సమాధిలో ఆవిడ గురించి ఆ ఒక్క ముక్కే. నాకు మనసు చివుక్కుమంది.

1300ల మొదట్లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ బంధువులైన కయెతానీలు పక్కనే కోట కట్టి, సమాధినే బురుజుగా మార్చేశారు. దారిన పోయేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసేవారు. సమాధి తెల్లరాయి మీద వాళ్లు కట్టిన గోడ, చేప తోకలా చీలిన పిట్టగోడలు స్పష్టంగా కనిపిస్తాయి. లోపలికెళ్లి తలెత్తితే పైన గుండ్రంగా ఆకాశం. ఎదురుగా కప్పులేని చర్చి కూడా చూడండి.

దారంతా ఎగుడుదిగుడు నల్లరాళ్లే. పెద్దవాళ్లకు మెత్తటి బూట్లు తప్పనిసరి, నీళ్లు వెంట ఉంచుకోండి. ఫొటోలు రాత్రికి పెడతాను.