దాతలు కట్టించారు, ఏటా నిలబెట్టేది ఎవరు? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో దాతల చేయూతతో నిలబడిన పాత గ్రంథాలయ భవనాల గురించి ఈ లేఖ రాస్తున్నాను. వాటికి రంగులు వేయించమనో, ఉత్సవాలు చేయించమనో అడగడం లేదు. వాటి నిర్వహణకు ఏటా ఇంత సొమ్ము అని రాతపూర్వకంగా ఖాయం చేయండి. నా విన్నపం ఇదొక్కటే.

సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావు గారు వెన్నుదన్నుగా నిలిచారు. నిజాం రాజ్యంలో కొలువుకైనా, కోర్టుకైనా ఉర్దూయే దిక్కు. తెలుగు చదివేవాళ్లు నలుగురు కూర్చునే చోటు కూడా లేని ఆ రోజుల్లో వాళ్లు సర్కారు కోసం ఎదురుచూడలేదు, సొంత డబ్బు తీశారు. రావిచెట్టు రంగారావు గారు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు ఇచ్చిన విరాళం నిలయం సొంత భవనానికి ఆసరా అయింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. పదిమంది చందాలు వేసుకుని పెట్టుకున్న గ్రంథాలయాలివి. గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు తర్వాత సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. అలాంటి కాలంలో గ్రంథాలయం తలుపు తెరిచి ఉంచడమే పెద్ద పని.

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కథ వేరు. 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1936లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. అది సర్కారు కట్టించింది కాబట్టి దాని బాధ్యత ఎవరిదన్న ప్రశ్న రాదు. దాతలు కట్టించిన వాటికే ఆ ప్రశ్న వస్తుంది. ఇచ్చిన చేయి వెళ్లిపోయింది. తర్వాత కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? పైకప్పు కారితే ఎవరు చూడాలి?

ఈ చిక్కును అదే కాలంలో అమెరికాలో ఆండ్రూ కార్నెగీ ముందే ఊహించాడు. స్కాట్లండ్ నుంచి వలస వెళ్లిన నేత కార్మికుడి కొడుకు ఆయన. కుర్రతనంలో టెలిగ్రామ్‌లు మోసే ఉద్యోగం చేసేవాడు. ఆ రోజుల్లో కల్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి శనివారాల్లో తన సొంత పుస్తకాలను పనిచేసే పిల్లలకు ఇచ్చేవారు. వాటిని చదివి పెరిగిన కార్నెగీ తర్వాత ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించాడు. ఆయన ఇచ్చిన డబ్బుతో 1883 నుంచి 1929 దాకా ప్రపంచంలో 2,509 గ్రంథాలయాలు లేచాయి. ఒక్క అమెరికాలోనే 1,689. ఆయనను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. 1892లో ఆయన హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో సమ్మె సందర్భంగా జరిగిన ఘర్షణలో కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది మర్చిపోవాల్సిన సంగతి కాదు. కానీ గ్రంథాలయాల విషయంలో ఆయన పెట్టిన షరతు మనం నేర్చుకోవాల్సింది.

ఆయన షరతు ఇది: భవనానికి డబ్బు ఇస్తాను, స్థలం ఊరు ఇవ్వాలి. ఇచ్చిన మొత్తంలో పదో వంతు సొమ్మును ఏటా నిర్వహణకు ఖర్చు పెడతామని ఊరి పాలకవర్గం ముందే ఒప్పుకోవాలి. పది వేల డాలర్లు పుచ్చుకుంటే ఏటా వెయ్యి డాలర్లు ప్రజల పన్నుల్లోంచి తీయాలన్నమాట. ఒప్పుకుంటేనే డబ్బు.

అయినా అన్నిచోట్లా సాఫీగా సాగలేదు. ఆల్విన్ జాన్సన్ అనే ఆర్థికవేత్త, కార్నెగీ పెట్టిన దాతృత్వ సంస్థ కార్నెగీ కార్పొరేషన్ కోసం ఆ గ్రంథాలయాలు తిరిగి చూసి 1916లో నివేదిక ఇచ్చారు. కొత్త భవనాల కంటే శిక్షణ పొందిన లైబ్రేరియన్ల అవసరమే ఎక్కువగా ఉందని అందులో తేల్చారు. మరుసటి ఏడాదే అమెరికాలో కొత్త భవనాల గ్రాంట్లు ఆపేశారు.

మంత్రి గారూ, కార్నెగీ ఊళ్లను బతిమాలి, పట్టుబట్టి రాయించుకున్న మాట మన దగ్గర చట్టంలోనే ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, అంటే గ్రంథాలయాల కోసం వేసే ప్రత్యేక పన్ను. ఐదు వేల పన్ను కట్టే ఇంటివాళ్లు నాలుగు వందలు గ్రంథాలయాల కోసమే ఇస్తున్నారు. ఆ డబ్బు స్థానిక సంస్థల ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి గ్రంథాలయ సంస్థలకు వెళ్లడంలోనే ఆలస్యమవుతోంది. బకాయిలు పేరుకుపోతున్నాయన్న మాట ఏళ్లుగా వింటున్నాం. ప్రజలు కట్టిన సొమ్ము గ్రంథాలయం తలుపు దాకా రాకపోతే, దాన్ని ఆ పేరుతో వసూలు చేయడం న్యాయమేనా? పన్ను కట్టిన రోజే ఆ 8 పైసలు విడిగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడే ఏర్పాటు చేయండి. పన్నులన్నీ ఆన్‌లైన్‌లో కడుతున్న ఈ రోజుల్లో ఇది సాంకేతికంగా కష్టమని ఎవరైనా చెబితే నేను నమ్మను.

రెండో మాట. చందాలతో మొదలై సంఘాలు నడుపుతున్న పాత గ్రంథాలయాలకు ఈ సెస్సులో హక్కుగా వాటా ఉండాలి. ఏటా అర్జీ పెట్టుకుని, ఎవరి దయతోనో తెచ్చుకునే గ్రాంట్ కాకూడదు. భవనం విలువలో ఇంత శాతం అని లెక్క కట్టి బడ్జెట్‌లో ప్రత్యేక పద్దుగా చూపించండి. పదో వంతు ఎక్కువనిపిస్తే తక్కువతోనే మొదలుపెట్టండి, కానీ ఏ ఏడాదీ ఆపకండి.

మరమ్మతుల గురించి కూడా చెప్పాలి. ఆ కాలపు కట్టడాల్లో చాలావరకు డంగు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ పొట్టు రాలుతుంది, పక్కనే ఉన్న పుస్తకాలకు బూజు పడుతుంది. తక్కువ రేటు కోట్ చేసిన కాంట్రాక్టర్‌కు పని అప్పగించే పద్ధతిలో జరిగేది ఇదే. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. టెండర్ షరతుల్లో ఆ అనుభవం తప్పనిసరి చేయండి.

కొత్తగా డబ్బు ఇస్తామనే కంపెనీలూ లేకపోలేదు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్ ప్రకారం వారసత్వ కట్టడాల పునరుద్ధరణకు, ప్రజా గ్రంథాలయాల ఏర్పాటుకు సీఎస్ఆర్ నిధులు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టే సొమ్ము, వాడుకోవచ్చు. తీసుకోండి. అయితే ప్రారంభోత్సవ శిలాఫలకం వేసే ముందే ప్రభుత్వం తన వంతు వార్షిక ఖర్చుకు జీవో ఇవ్వాలి. లైబ్రేరియన్ జీతం, పత్రికల చందా, కరెంటు, ఊడ్చే మనిషి కూలి అందులో ఉండాలి. ఖాళీగా ఉన్న లైబ్రేరియన్ పోస్టులు నింపకుండా ఎన్ని ఏసీ హాళ్లు కట్టినా ఉపయోగం ఉండదు. జాన్సన్ నూరేళ్ల కిందే చెప్పిన మాట సారం ఇదే.

చిక్కడపల్లి, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయాల్లో పొద్దున్నే టిఫిన్ బాక్సుతో వచ్చి కూర్చునే గ్రూప్స్, కానిస్టేబుల్ అభ్యర్థుల్ని మీరు చూసే ఉంటారు. అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే పిల్లలు వాళ్లు. చదువుకోవడానికి ఒక కుర్చీ, ఒక ఫ్యాన్ దొరికే చోటు వాళ్లకు అదే. నోటిఫికేషన్ టెన్షన్‌లో ఉన్నవాళ్లకు కుర్చీ కోసం కూడా పోటీ పడే అవస్థ ఉండకూడదు. సుల్తాన్ బజార్ లాంటి పాత నిలయాలకు సరైన నిర్వహణ ఉంటే వాళ్లలో కొందరికైనా అక్కడ చోటు దొరుకుతుంది.

వచ్చే బడ్జెట్ సమావేశాల లోపు మూడు వివరాలు సభ ముందు పెట్టండి: హైదరాబాద్‌లో వసూలైన సెస్సు ఎంత, గ్రంథాలయాలకు చేరింది ఎంత, మిగిలింది ఎప్పటికి చెల్లిస్తారు.

ఇట్లు,
హైదరాబాద్ గ్రంథాలయాల పాఠకురాలు, ఆస్తి పన్ను కట్టే పౌరురాలు