ఎర్ర రంగు మ్యాపూ, మా వీధి కాలవా

ఒరే రమణా,

బాగుండావా? అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది, నీ గురించే అడగతా ఉండాది. మొన్న ఫోన్లో బాస్టన్ పాత మ్యాపు గురించి చెప్తావుంటే సిగ్నల్ పోయింది కదా, అప్పట్నించీ బుర్రలో అదే తిరగతా ఉండాది, అందుకే రాస్తా ఉండా, పొడుగైతే తిట్టుకోవద్దు.

1930ల్లో అమెరికా గవర్నమెంటోళ్ళు 200 పైన ఊర్లకి మ్యాపులేసి నల్లవాళ్ళుండే పేటలకి ఎర్ర రంగు పూసినారనీ, ఆడ ఇంటి లోను పుట్టడమే కష్టమనీ, ఇండ్ల విషయంలో రంగు తేడా చూపగూడదని 1968లో చట్టమొచ్చినా పేటలు మాత్రం అట్లే ఉండిపోయినాయనీ అన్నావే, నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. మనకి మ్యాపు యాడ కావల్ల రా? మా అవ్వోళ్ళ ఊర్లో సిమెంటు రోడ్డు గుడికాడ మొదలై సరిగ్గా దళితవాడ మొగదల ఆగిపోయిండేది, ఏండ్ల తరబడి. రంగు పెన్సిలు ఖర్చు కూడా లేదు. రేసూ కులమూ ఒకటేనా అని అడిగినావు. ఒకటి కాదులే. అయినా వానొచ్చినప్పుడు నీళ్ళు ఎవురింట్లోకి పోతాయో చూడు.

2021 నవంబర్ వాన గుర్తుందా, కపిలతీర్థం కాడ కొండ మీంచి నీళ్ళు దూకినాయే? మా వీధిలో రెండో రోజుకే మోటర్లు పెట్టి తోడేసుకున్యాం, వెనక గుడిసెల్లో వారం రోజులు బురదే. ఆ తర్వాత కాలవ పనికని మీటింగు పెట్టినారు, ఎప్పుడనుకున్నావు, మంగళవారం పొద్దున 11కి! ఆ టైముకి గుడిసెల్లో ఆడోళ్ళంతా లాడ్జీల్లో గదులు ఊడస్తా, దుప్పట్లు ఉతకతా ఉంటారు. వచ్చింది పది మందిమి, అందరం సొంతిల్లోళ్ళమే. కాలవ మలుపు ఆ గుడిసెల వైపే తిప్పినారు. ఆ కాయితం మీద నా సంతకం కూడా ఉందిరా, ఎవురికీ చెప్పలా, నీకే చెప్తా ఉండా.

మీ బాస్టన్లోనే రాక్స్‌బరీలో డడ్లీ స్ట్రీటు ఉండాదంట, ఎప్పుడన్నా పోయినావా? ఇండ్లు తగలబడి, బయటోళ్ళు చెత్త తోలేసే ఖాళీ బయళ్ళుగా మిగిలిన పేట. 1984లో ఆ పేట జనాలే ఒక సంఘం పెట్టుకుని, 1988కల్లా ఆ ఖాళీ స్థలాల్ని ఓనర్ల దగ్గర్నించి తీసుకునే అధికారమే సంపాదించినారు, మామూలుగా గవర్నమెంటుకుండే అధికారం రా అది! స్థలం ఆ సంఘం ట్రస్టు పేర్న ఉంటాది, ఇల్లు మాత్రం నీది, అందుకే రేట్లు ఎగరవు. బోర్డులో నల్లవాళ్ళు, లాటిన్ అమెరికా నించి వచ్చిన లాటినోలు, ఆఫ్రికా పక్కన కేప్ వెర్డీ దీవులోళ్ళు, తెల్లవాళ్ళు, జనాభా ఎవురిది ఎంతున్నా సీట్లు సమానం. నాకు బాగా నచ్చింది ఇదే. మన దగ్గరైతే కుర్చీలు వేసేటప్పుడే తేలిపోతాది కదా.

ఒక ఆదివారం ఆ వైపు పోయి వాళ్ళు మీటింగులు ఎన్ని గంటలకి పెడతారో అడిగి రాయి. ఈడ కాలవ రెండో విడత పని సంక్రాంతి తర్వాతంట. ఈసారి రాత్రి 8కి, ఆ గుడిసెల మధ్యలోనే పెట్టమని అర్జీ రాయల్ల, నీకైతే ఆ భాష బాగా వస్తాది, రాసి పంపు. ముందు సంతకాలు వాళ్ళవి పెట్టిస్తా, నాది చివర్న.

నీ
శీను