గూగుల్లో మా పూతరేకులకి జపాన్ అక్షరాలు

ఆత్రేయపురం
మంగళవారం, మధ్యాహ్నం

చిట్టీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలయింది. ఇప్పటికి జవాబు రాస్తున్నాను, క్షమించవే. నీ నీలం బకెట్ గొడవ నాడు కూడా నేనింత కాలం మాట్లాడకుండా లేను.

ఇంటి సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అమ్మ మోకాలు నయం. పిల్లలకి పరీక్షలు. మీ అన్నయ్య పొలానికీ ఇంటికీ తిరుగుతున్నారు. అంతే. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెప్పేదాకా నాకు ఊపిరాడేలా లేదు.

వినాయక చవితి వెళ్ళిన వారం, హైదరాబాద్ నుంచి ఎప్పుడూ మన దగ్గరే కొనే పెద్దావిడ ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ కొట్టు పేరు గూగుల్లో కొడితే ఏవో చైనా రాతలొస్తున్నాయి, అమ్మేశారా ఏంటి?" అంది. గబగబా సైటు తెరిచి చూశాను. బెల్లం పూతరేకులు, పంచదారవి, మామిడి తాండ్ర, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడే పొరబడిందనుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. లేచి గూగుల్లో "సైట్" అని కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టి, మన అడ్రసు రాశాను. చేతులు చల్లబడిపోయాయే! పేజీలకి పేజీలు, అన్నీ జపాన్ భాషలో. చేతి సంచులు, వాచీలు, బూట్లు. అన్నిటికీ మన అడ్రసే. మనం అమ్మేవి మొత్తం 14 రకాలు!

దీన్ని జపనీస్ కీవర్డ్ హ్యాక్ అంటారని మరిది చెప్పాడు. ఎలా వదిలించుకోవాలో గూగుల్ వాళ్ళే ఆ పేరుతో రాసిపెట్టారు. మనం తెరిస్తే మన పేజీయే కనిపిస్తుంది, పేజీలు వెతికే గూగుల్ యంత్రం వచ్చినప్పుడు మాత్రం దానికి సైటు ఆ దొంగ పేజీలు చూపిస్తుంది. అందుకే నా కంటికి ఏమీ ఆనలేదు.

ఎలా దూరారో విను. మన సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టింది కదా. లోపల "అప్‌డేట్స్" పక్కన ఎర్ర చుక్కలో 11 అని నెలల తరబడి కనబడుతూనే ఉంది. నేను నొక్కలేదు. బద్ధకం కాదే, భయం. అంతకుముందు ఒకసారి సంక్రాంతి ముందు నొక్కితే డబ్బు కట్టే బటన్ మాయమైంది, ఒకటిన్నర రోజు ఆర్డర్లు పోయాయి. సైటు కట్టిన అబ్బాయి వచ్చి బాగుచేసి, "పనిచేస్తున్నదాన్ని కదపకండి మేడం" అన్నాడు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను.

ఇంతా చేసి కంత ఎక్కడుందో తెలుసా? మనం వాడటం మానేసి, ఆపేసి ఉంచిన ఒక ఫారం ప్లగిన్‌లో, అంటే సైటుకి తగిలించే చిన్న ప్రోగ్రాంలో. ఆపేస్తే పోయిందనుకున్నాను. ఆపినా దాని ఫైళ్ళు సర్వర్‌లోనే ఉంటాయట, నేరుగా వాటిని తట్టి లోపలికి రావచ్చట. "వదినా, వీధి తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు తీసి ఉంచినట్టే" అన్నాడు. హాస్టల్లో గొళ్ళెం పెట్టానా లేదా అని మూడుసార్లు వెనక్కొచ్చేదాన్ని కదా, ఆ మాట నాకెంత గుచ్చుకుందో నీకొక్కదానికే అర్థమవుతుంది.

ఇంకో సంగతి చెప్పాడు. మరమ్మతు వచ్చిందంటే కంత ఎక్కడుందో దొంగకీ తెలిసినట్టే. 2017 జనవరి 26న వర్డ్‌ప్రెస్ వాళ్ళు 4.7.2 వెర్షన్ వదిలారు. అందులో పూడ్చిన పెద్ద కంత సంగతి మాత్రం ఫిబ్రవరి 1 దాకా బయటపెట్టలేదు, ఈలోగా అందరికీ అప్‌డేట్ చేరాలని. బయటపెట్టారో లేదో, అప్పటికీ మార్చుకోనివాళ్ళ సైట్ల మీద పడి లక్షల పేజీలు పాడుచేశారు. నేను ఆలస్యం చేసిన ప్రతి రోజూ వాళ్ళకి కలిసొచ్చిన రోజే.

రెండు రాత్రులు కూర్చున్నాం. ఫొటోలు మాత్రమే ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్లో ఒక పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రాం భాష) ఫైలు ఉంది. సైటంతా మార్చగల అధికారంతో, మాకు తెలియని అడ్మిన్ ఒకడున్నాడు. రెండూ తీసేసి పడుకున్నాం. తెల్లారేసరికి మళ్ళీ ఉన్నాయి! ఇంకెక్కడో ఇంకో దారి పెట్టుకున్నారన్నమాట. పాత బ్యాకప్ పెడదామంటే సైటు ఉంచిన హోస్టింగ్ కంపెనీ దగ్గర 7 రోజులవే ఉన్నాయి, అన్నీ చెడినవే. ప్లగిన్ కొత్త వెర్షన్‌కి కొత్త పీహెచ్‌పీ కావాలి. మనది 7.4, దానికి 2022 నవంబరుతోనే మరమ్మతులు ఆగిపోయాయి. అది మారుద్దామంటే పాత థీమ్, అంటే సైటు రూపురేఖలు దిద్దేది, ఒప్పుకోదు. ఒకదానికొకటి ముడిపడి... సరే, అదంతా రాస్తే తెల్లారుతుంది. చివరికి వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లు అన్నీ కొత్తగా దింపి, డేటాబేసూ ఫొటోలూ జల్లెడ పట్టి తెచ్చుకుని, పాస్‌వర్డ్‌లన్నీ మార్చాం.

అత్తయ్య ఇదంతా చూస్తూనే ఉన్నారు. "మన పేరు పెట్టుకుని ఎవరో ఏవో అమ్ముకుంటున్నారా?" అని అడిగారు. అవునన్నాను. ఏమీ అనకుండా వెళ్ళి కుండ ముందు కూర్చున్నారు. నలభై ఏళ్ళుగా ఆ సెగ ముందు కూర్చుంటే వచ్చిన పేరు అది. నాకు ఏడుపాగలేదు చిట్టీ.

కార్డు వివరాలు మన దగ్గర ఉండవు, ఆ పేజీ పేమెంట్ కంపెనీది. కానీ అడ్రసులూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి కదా. ఎవరైనా తీసిన ఆనవాలు దొరకలేదు. అయినా కొన్నవాళ్ళందరికీ నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఒకరిద్దరు విసుక్కున్నారు, ఎక్కువమంది ధైర్యం చెప్పారు. గూగుల్లోంచి ఆ పేజీలు పోతున్నాయి గానీ నెమ్మదిగా. దీపావళి ఆర్డర్లు బాగా తగ్గాయి.

ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున్నే, ఆర్డర్లు పల్చగా ఉన్నప్పుడు, మొదట బ్యాకప్ దింపి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో పెడతాను. తర్వాత సైటు నకలు మీద అప్‌డేట్ చేసి, ఒక పెట్టె ఆర్డరిచ్చి డబ్బు కట్టే దాకా వెళ్ళి చూస్తాను. అది బాగుంటేనే అసలు సైటు మీద నొక్కుతాను. అరగంట పని. ఆ అరగంటకి ఇన్నేళ్ళు భయపడ్డాను! 23 ప్లగిన్లుంటే 9 ఉంచాను, మిగతావి ఆపడం కాదు, తుడిచేశాను. అడ్మిన్‌లోకి వెళ్ళాలంటే ఇప్పుడు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా కావాలి.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, నీ చీరల సైటు కట్టింది కూడా ఆ అబ్బాయే కదే. అదే థీమ్, బహుశా అదే ఫారం. నీకూ "కదపకండి" అనే చెప్పి ఉంటాడు. ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టకముందే ఆ ఎర్ర చుక్కలో అంకె ఎంతో చూడు. ముందు బ్యాకప్, తర్వాతే ఏదైనా. మీ చెల్లి పెళ్ళి చీరల సంగతి, ఇంకా ఆ మూడో అంతస్తు మనిషి సంగతి రాద్దామనుకున్నాను గానీ, కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడ్డాడు, ఇంకా ఆరు పెట్టెలకి టేపు వెయ్యాలి. సోమవారం ఫోన్ చేస్తాను, అంకె చెప్పు.

నీ గొళ్ళెం