టిన్నా, సీసా అని తగువులాడే కుర్రాళ్ల తరఫున

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం ఈ పేజీలో ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం చదివాను. క్రికెట్ చూడడానికి కూడిన కుర్రాళ్లు ఆట గాలికొదిలేసి, బీరు టిన్నులో బాగుంటుందా సీసాలో బాగుంటుందా అని వాదించుకుంటున్నారట. తమ కాలంలో రేడియోలో కామెంటరీ వస్తుంటే చీమ చిటుక్కుమన్నా వినిపించేదట. ఆయన చూసిన కుర్రాళ్లెవరో నాకు తెలియదు గానీ, మా అపార్టుమెంటు మేడ మీద చేరేవాళ్లు అచ్చం అలాంటివాళ్లే. వాళ్ల తరఫున నాలుగు ముక్కలు రాయాలనిపించింది. రాయడానికి నాకు కొంత అర్హత కూడా ఉంది. సంగారెడ్డి వైపు ఒక బీరు ఫ్యాక్టరీలో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మొదట సీసాలు కడిగే యంత్రం దగ్గర, తర్వాత నింపే లైనులో, చివరి 11 ఏళ్లు ల్యాబులో. ఇప్పుడు షుగరు. మేడ మీద అందరి చేతుల్లో గ్లాసులుంటే నా చేతిలో మజ్జిగ ఉంటుంది. కాబట్టి నేను రాసేదంతా తెలివిలో ఉండి రాస్తున్నదే.

ముందు రేడియో సంగతి చెప్పాలి. 1983 జూన్ 25 సాయంత్రం నేను మెదక్ జిల్లాలో మా మేనమామ ఊళ్లో, కల్లు దుకాణం ముందు చింతచెట్టు కింద ఉన్నాను. ట్రాన్సిస్టర్ కొమ్మకు వేలాడుతోంది. లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్, మనవాళ్ల వికెట్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. చెట్టు కింద పెద్దల చర్చ మాత్రం, కల్లు తాటాకు దొప్పలో రుచా, మట్టి ముంతలో రుచా అని. 183కే ఆలౌటయ్యామని నేను చెబితే మా మామ తల తిప్పకుండానే "సరేలేరా, ముందు ఆ ముంత ఇటివ్వు" అన్నాడు. చీమ చిటుక్కుమన్న చప్పుడేదీ నాకు గుర్తులేదు.

ఇప్పటి కుర్రాళ్లకు వద్దాం. 2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబయితో మన హైదరాబాద్ సన్‌రైజర్స్ ఐపీఎల్ మ్యాచ్. మూడో అంతస్తు అబ్బాయి ప్రొజెక్టర్ తెచ్చి నీళ్ల ట్యాంకు గోడ మీద బొమ్మ వేశాడు. ట్రావిస్ హెడ్ 18 బంతుల్లో యాభై కొట్టేసరికి మేడంతా లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే ఒకడు ఐసు డబ్బాలోంచి టిన్ను తీసి పక్కవాడికి అందించాడు. "టిన్ను నాకొద్దు, ఇనుము వాసన" అన్నాడు వాడు. అంతే, మేడ రెండు పార్టీలైంది. సీసా బరువులోనే ఒక మర్యాద ఉందని ఒకడంటాడు. టిన్ను పది నిమిషాల్లో చల్లబడుతుందని ఇంకొకడు. వాళ్లు మళ్లీ గోడ వైపు చూసేసరికి అభిషేక్ శర్మ 16 బంతుల్లోనే యాభై పూర్తి చేసి బ్యాటు ఎత్తుతున్నాడు. "ఎప్పుడు కొట్టాడు అంకుల్?" అని నన్నడిగారు. ఆ రోజు మనవాళ్లు 277 కొట్టారు, ముంబయి 246 దాకా వచ్చింది. రెండు జట్లూ కలిసి 38 సిక్సర్లు. అన్ని పడిన రోజున నాలుగు చూడకపోతే కొంప మునిగేదేమీ లేదు. పైగా ఇన్నింగ్స్‌కు రెండుసార్లు రెండున్నర నిమిషాల విరామం ఇచ్చి, ప్రకటనలు చూస్తూ కూర్చోమంటే మనిషి నోరు ఊరుకుంటుందా?

నాకు వచ్చిన చిక్కల్లా వాళ్లు వాదించడం కాదు, తప్పుగా వాదించడం. 27 ఏళ్ల ఉద్యోగం నా గొంతులో గిలిగింతలు పెడుతుంటే మజ్జిగ తాగుతూ ఎంతసేపని ఊరుకోను?

టిన్ను అని పిలుస్తామే గానీ అందులో తగరమూ లేదు, ఇనుమూ లేదు. 1935 జనవరిలో అమెరికాలో రిచ్‌మండ్ నగరంలో బీరును మొదటిసారి డబ్బాల్లో అమ్మినప్పుడు అవి తగరం పూత పూసిన ఉక్కు డబ్బాలు. ఇప్పుడు మన చేతికొచ్చేది అల్యూమినియం. ఆ అల్యూమినియం కూడా బీరుకు తగలదు, లోపల కంటికి కనబడని పూత ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు ఈ మాట నమ్మకపోతే ల్యాబులో ఒక తమాషా చూపించేవాళ్లం. నిండు టిన్ను పైపొరను గరుకు కాగితంతో రుద్ది, కాస్టిక్ సోడా నీళ్లలో నిలబెట్టి వదిలేస్తాం. నురగలు కక్కుతూ అల్యూమినియం కరిగిపోతుంది. చివరికి పల్చటి సంచిలాంటి పొర, దాని నిండా బంగారు రంగు బీరు, పైన మూత, అంతే మిగులుతాయి. పాలకవర్లో దీపం వెలిగినట్టుంటుంది. ఇంట్లో ఎవరూ చేయకండి, కాస్టిక్ సోడా అల్యూమినియంతోనే ఆగదు.

మరి ఇనుము వాసన ఎక్కడిది? మూతకు పెదవులు ఆనించి తాగితే ముక్కు వెళ్లి ఆ మూతకే ఆనుతుంది. రుచిలో సగానికి పైగా ముక్కు పనే. గ్లాసులో పోసుకుంటే ఆ వాసన ఉండదు. ఈ మాట చెప్పినప్పుడు సీసా పార్టీవాళ్లు నన్ను ద్రోహిని చూసినట్టు చూశారు.

తర్వాతి నెలలో ఒక ఆదివారం మూడున్నర మ్యాచ్‌కు వాళ్లకు ఇంకో పరీక్ష పెట్టాను. ఒకే సీసాలోంచి రెండు గాజు గ్లాసుల్లో పోయించాను. రెంటినీ పిట్టగోడ మీదే పెట్టి, ఒకదాని మీద మాత్రం అట్టపెట్టె బోర్లించాను. మొదటి ఆరు ఓవర్ల పవర్ ప్లే అయిపోయేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాను. అరగంట తర్వాత రెండూ వెచ్చబడ్డాయి, రెంటిలోనూ నురగ చచ్చిపోయింది. వాసన చూడమన్నాను. అట్టపెట్టె కిందిది చప్పబడిన బీరులా ఉంది. ఎండలోది ముక్కు దగ్గర పెట్టుకోగానే ఐదో అంతస్తు అబ్బాయి "ఛీ, రబ్బరు కాలినట్టుంది" అని గ్లాసు దూరంగా పెట్టాడు. వాళ్లందరూ గ్లాసు చుట్టూ తలలు పెట్టిన ఆ కాసేపట్లో ఇంకో వికెట్ పడింది. ఈసారి తప్పు నాది.

ఆ కంపుకు కారణం వేడి కాదు, వెలుతురు. బీరులో హాప్స్ అనే పువ్వుల నుంచి వచ్చిన చేదు పదార్థాలు ఉంటాయి, సహజంగానే కాస్త బి2 విటమిన్ కూడా ఉంటుంది. వెలుతురు పడగానే ఆ విటమిన్ మధ్యవర్తిగా నిలబడి చేదు పదార్థాన్ని విరగ్గొడుతుంది. దానికి గంధకం తోడై కంపుకొట్టే పదార్థం తయారవుతుంది. లక్ష కోట్ల భాగాల్లో నాలుగైదు భాగాలున్నా మన ముక్కు పసిగడుతుంది. సీసాలు ఎక్కువగా ముదురు గోధుమ రంగులో ఉండేది ఇందుకే, చెడు చేసే నీలి వెలుగును ఆ రంగు చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ సీసా చూడడానికి షోకుగా ఉంటుంది గానీ ఆపేది తక్కువ. తెల్ల సీసా అసలు ఆపదు. టిన్నులోకి వెలుతురు దూరే దారే లేదు.

అంతమాత్రాన నేను టిన్ను పార్టీ అనుకోకండి. నా వయసు సగం సీసాల మధ్య గడిచింది. ఊళ్ల నుంచి గోనె సంచుల్లో తిరిగి వచ్చిన పాత సీసాలు కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో మునిగి తేలుతుంటే, లేబుళ్లు అరటితొక్కల్లా ఊడి వచ్చేవి. కడిగిన సీసాలు తెల్లటి వెలుగు తెర ముందు నుంచి వరసగా సాగుతుంటే కళ్లార్పకుండా చూసి, పగిలినవీ మురికివీ ఏరాలి. సిగరెట్ పీకలు, గుట్కా రేకులు, ఒకసారి నాలుగు మడతలు పెట్టిన బస్సు టికెట్టు దొరికింది. అది అందులో ఎందుకు వేశారో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. లైను మీద సీసాకు సీసా రాసుకుని భుజం దగ్గర, అడుగు దగ్గర తెల్లటి చార పడుతుంది. తిరిగిన కొద్దీ చార మందమవుతుంది. పశువు పళ్లు చూసి వయసు చెప్పినట్టు ఆ చార చూసి, ఇది చాలా ఊళ్లు తిరిగొచ్చింది అనేవాళ్లం. కావాలంటే మీ ఇంటి అటక మీది సీసాను వెలుగులో తిప్పి చూడండి. టిన్నుకు అలాంటి బతుకు లేదు. ఒకసారి తెరిస్తే దాని కథ కొలిమికే. అయితే కరిగించి మళ్లీ అల్యూమినియం చేయడానికి, కొత్తగా ఖనిజం నుంచి తీసేదానితో పోలిస్తే ఐదు శాతం శక్తి చాలు.

ఈ లెక్కలేవీ లేకుండా మా వాచ్‌మన్ భార్య ఒక్కమాటలో తేల్చేసింది. మ్యాచ్ మర్నాడు పొద్దున మేడ ఊడ్చేది ఆవిడే. పాత సామాన్లవాళ్ల దగ్గర దేనికి ఎంత గిరాకీ ఉందో అడిగాను. "సీసాలు లెక్కన కొంటారు సారూ, టిన్నులు తూకాన. సీసాల సంచి మోయలేం, మధ్యలో ఒకటి పగిలితే కాలు తెగుతుంది. టిన్నులు సంచి నిండితేనే గానీ నాలుగు రూపాయలు రావు. అయినా నాకు టిన్నులే నయం, పిల్ల కూడా తొక్కి పెడుతుంది" అంది. ఈ మాట కుర్రాళ్లకు చెప్పాను. ఆ సాయంత్రం వాళ్లు కాసేపు క్రికెట్టే చూశారు.

టిన్నుకూ క్రికెట్‌కూ చుట్టరికం లేదని ఆ పెద్దమనిషి అనుకుంటే పొరపాటు. 1971 ఫిబ్రవరిలో సిడ్నీలో ఇంగ్లండ్ బౌలర్ జాన్ స్నో వేసిన బంతి ఆస్ట్రేలియా ఆటగాడు టెర్రీ జెన్నర్ తలకు తగిలితే, జనం మైదానంలోకి బీరు డబ్బాలు విసిరారు. ఇంగ్లండ్ కెప్టెన్ ఇల్లింగ్‌వర్త్ జట్టును బయటికి తీసుకుపోయాడు. 1989లో వాళ్ల బ్యాటర్ డేవిడ్ బూన్ సిడ్నీ నుంచి లండన్ చేరేలోగా విమానంలో 52 డబ్బాలు తాగాడని ఆస్ట్రేలియన్లు ఇప్పటికీ చెప్పుకొంటారు. సీసాల వంతు మన దగ్గరే తీరింది. 1996 మార్చి 13న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్లో మనవాళ్లు ఓడిపోతుంటే జనం సీసాలు విసిరి, గ్యాలరీల్లో నిప్పు పెడితే, రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట ఆపించి శ్రీలంకను గెలిపించాడు. ఇప్పుడు ఉప్పల్ గేటు దగ్గర మంచినీళ్ల సీసా కూడా లోపలికి పోనివ్వరు. ఇక ఈ తగువు మేడల మీద కాక ఇంకెక్కడ జరుగుతుంది? ఒకరి మీద ఒకరు విసురుకోకుండా నోటితో తేల్చుకుంటున్నారంటే నాకైతే సంతోషమే.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. మా వీధి చివర వైన్ షాపు పడమటి ముఖం. సాయంత్రం నాలుగు నుంచి పొద్దు గుంకేదాకా ఎండ నేరుగా లోపలికి పడుతుంది. అద్దాల తలుపుల ఫ్రిజ్‌లు రెండున్నాయి. ఒకదాని నిండా టిన్నులు, రెండోదానిలో ముందు వరసలో ఆకుపచ్చ సీసాలు, వాటి నెత్తిన పగలూ రాత్రీ వెలిగే ట్యూబ్‌లైటు. ఎండలో నిలబెట్టి కంపు పుట్టించి, దానికే ఐసు ధర కలిపి అమ్ముతున్నారన్నమాట. సీసా బీరు కంపు అని తిట్టే కుర్రాళ్లలో సగం మంది కొన్నది అక్కడే. నింపిన నాడు బాగానే ఉన్న సరుకు దారిలో చెడితే, ఎక్కడో లైను మీద చెమటోడ్చినవాడికి చెడ్డపేరు. ఇలాంటి షాపులు రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో చూశాను. అబ్కారీ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు ధరల పట్టికతో పాటు ఎండ ఎటు పడుతోందో కూడా ఓసారి చూస్తే బాగుంటుంది. తయారీ తేదీ కూడా చత్వారం ఉన్నవాడికి కనబడేంత అక్షరాల్లో అచ్చు వేయించాలి. కొనేవాళ్లకు నా సలహా ఏమిటంటే, ముందు వరస సీసా తీసుకోకండి, వెనక చీకట్లో ఉన్నది అడగండి.

ఊరుకోలేక పోయిన శుక్రవారం ఆ షాపు కుర్రాడికి ఇదంతా ఓపిగ్గా చెప్పాను. సీసాల ఫ్రిజ్‌కు ఏదైనా అడ్డు కట్టమన్నాను. శ్రద్ధగా విన్నాడు, "కట్టిస్తా సార్" అన్నాడు. నిన్న మందుల కోసం వెళ్తూ చూశాను. మాట నిలబెట్టుకున్నాడు. ఎన్నికల నాటి పాత ఫ్లెక్సీ ఒకటి నిలువునా కట్టాడు, టిన్నుల ఫ్రిజ్‌కు. అదేమిటి బాబూ అంటే, "సీసాలు జనానికి కనబడాలి కద సార్" అన్నాడు.

ఇట్లు,
బీరు ఫ్యాక్టరీ రిటైర్డ్ ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాద్