చేత్తో చేసినదానికి అంత రేటా?

ఎడిటర్ గారికి,

అమ్మమ్మ పెట్టెలో చిరిగిపోయిన పట్టుచీరల జరీ అంచులు కత్తిరించి నేను బ్రోచ్‌లు, పర్సులు, గోడ అద్దాల ఫ్రేములు చేస్తాను, అన్నీ బ్లాక్ అండ్ వైట్ సినిమాల నాటి తళుకుతో. పాత అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ చుట్టిన సన్నటి వెండి తీగ, పైన బంగారు పూత. నల్లబడినా మెత్తటి గుడ్డతో మెల్లగా రుద్దితే మెరుపు తేలుతుంది, ఇప్పటి ప్లాస్టిక్ జరీకి అంత సీన్ లేదు. మన వైజాగ్ ఉప్పుగాలితోనే అసలు టెన్షన్. ఒకసారి ఇనుప పిన్ను వాడితే ఒకావిడ చీరకి తుప్పు మరక పడింది, డబ్బు తిరిగిచ్చేశాను (తప్పు నాదే).

మొన్న ఒక ఎగ్జిబిషన్‌లో నా పక్క స్టాల్ నిండా మిషన్ సరుకే, బోర్డు మాత్రం ‘హ్యాండ్‌మేడ్’. ఒక కస్టమర్ నా బ్రోచ్ తిప్పి చూసి "అక్కడ సగానికే ఇస్తున్నారమ్మా" అని వెళ్లిపోయారు. మన వైజాగ్‌కి దగ్గర్లోని ఏటికొప్పాక ఊరి లక్క బొమ్మలకు 2017లోనే జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర) వచ్చింది, మాలాంటి చిల్లర పనివాళ్లకు ఏ ముద్రా లేదు. నిర్వాహకులు స్టాల్ ఇచ్చేముందు తమ ఎదుటే ఒక ముక్క చేసి చూపించమని అడిగితే చాలు, సూది, దారం నేనే తెచ్చుకుంటాను.

— ఒక పాఠకురాలు, కంచరపాలెం, విశాఖపట్నం