మన కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ ఈ సీజన్ జమా ఖర్చులు, జెర్సీల డబ్బు సంగతి కూడా

అందరికీ నమస్కారం. కావలిలో మన కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ కోసం ఆగస్టు నుంచి జనవరి దాకా వసూలైన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ పెడుతున్నాం. డిసెంబర్‌లో ఒకసారి పెట్టాల్సింది, పెట్టలేదు, అది మా తప్పే. ఈలోగా "జెర్సీలకని ఇచ్చిన డబ్బు ఏమైంది" అని ఇద్దరు ముగ్గురు అన్నలు అడిగారు. ఇచ్చినవాళ్ళు అడక్క ఎవరడుగుతారు? ముందు లెక్క చెప్తాం, తర్వాత ఆ విషయానికొస్తాం.

జమ. పోయినేడు మిగిలింది 3,460. పాత విద్యార్థులు 74 మంది కలిసి ఇచ్చింది 68,500 (ఇందులో ఫోన్‌పేలో పడిన 501 ఎవరిదో ఇంకా తెలియలేదు, మీదైతే చెప్పండి, రశీదు రాసి పెట్టాం). ట్రంకు రోడ్డు షాపుల వాళ్ళు 21,200 ఇచ్చారు. కాలేజీ స్పోర్ట్స్ ఫండ్ 15,000. టీమ్‌లోని 20 మంది పిలకాయలు తలా 300 వేసుకుంటే 6,000. అంతా కలిపి 1,14,160 రూపాయలు. దసరా సెలవుల్లో పెట్టిన క్యాంపుకి ఒకాయన బస్తా మొలగొలుకుల బియ్యం పంపారు, దాన్ని డబ్బులో కలపలేదు.

ఇక ఖర్చు. 5 నంబరు బంతులు ఆరు, ఒక్కోటి 1,150 చొప్పున 6,900. ఆరెందుకని అడగొచ్చు, మన గ్రౌండ్‌లో ఒక వైపంతా గులకరాళ్ళు, రెండు వారాలు ఆడేసరికి బంతి పైపొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, ఆ తర్వాత వాన పడితే నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది, హెడ్ చేసినోడికి తల దిమ్మెక్కుతుంది. స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) లేని ఏడుగురికి ఏడు జతలు, 9,800. షిన్ గార్డ్స్, స్టాకింగ్స్, గోలీ గ్లోవ్స్ 7,350. గోల్ నెట్లు రెండు 3,600. సున్నం, గడ్డి కోత కూలి 5,450, ఇది పోయినేటికంటే బాగా ఎక్కువ, ఎందుకంటే మనకి వానలన్నీ అక్టోబర్, నవంబర్‌లలోనే, సీజన్ కూడా అప్పుడే, లైన్లు కొట్టిన రాత్రే వాన పడి తెల్లారేసరికి గ్రౌండంతా తెల్లనీళ్ళు నిలబడ్డాయి, అలా నాలుగుసార్లు కొట్టించాం.

మూడు టోర్నమెంట్ల ఎంట్రీ ఫీజులు 4,500. ప్రయాణాలు 23,800. విక్రమ సింహపురి యూనివర్సిటీ అంతర కళాశాలల మ్యాచ్‌లకి నెల్లూరు నాలుగుసార్లు వెళ్ళాం, పొద్దున ఏడున్నరకి మ్యాచ్ అంటే బస్సులు నమ్ముకోలేక ప్రతిసారీ రెండు తుఫాన్ బండ్లు మాట్లాడాం, రెండింటికీ కలిపి ఒక ట్రిప్పుకి 4,000. తిరుపతికి రైల్లో వెళ్ళొచ్చింది 7,800, అక్కడి ఆటోలతో కలిపి. తిండికి 24,640. క్యాంపు 12 రోజులు రెండు పూటలా భోజనం, గుడ్లు, పాలు, అరటిపళ్ళు, బయట మ్యాచ్‌ల రోజు టిఫిన్లు అన్నీ ఇందులోనే. ఐసు, స్ప్రే, టేపు, కట్టు గుడ్డలు 3,150. రశీదు పుస్తకాలు 620.

పిలకాయలు సెమీస్ దాకా వెళ్ళి పెనాల్టీల్లో ఓడిపోయారు. ఐదు మ్యాచ్‌ల్లో మూడు గెలిచి, ఒకటి డ్రా చేసుకున్నారు. ఆ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేసి అంతదూరం వెళ్ళారంటే మాకు గర్వంగా ఉంది.

ఇప్పుడు జెర్సీల సంగతి. తొమ్మిది మంది అన్నలు ప్రత్యేకంగా జెర్సీలకని 14,000 ఇచ్చారు, పైన చెప్పిన 68,500లో అది ఉంది. జెర్సీలు కొనలేదు. నవంబర్‌లో మన గ్రౌండ్‌లోనే ప్రాక్టీస్ జరుగుతుంటే మన లెఫ్ట్ బ్యాక్‌లో (ఎడమవైపు డిఫెన్స్‌లో) ఆడే అబ్బాయి తిరగబోయి కాలు బురదలో దిగబడింది, ఒళ్ళు తిరిగింది గాని పాదం తిరగలేదు, ఎవరూ తగల్లేదు, మోకాల్లో టక్ మని శబ్దం వచ్చింది. పక్కనున్న ఇద్దరికి అది వినిపించింది. గంట తిరిగేసరికి మోకాలు బూరెలా పొంగింది, స్టాకింగ్ కత్తెరతో కోసి తియ్యాల్సి వచ్చింది. అబ్బాయిది తుమ్మలపెంట, నాన్న చేపల వేటకి వెళ్ళి ఉన్నాడు, అమ్మ ఒక్కతే ఆటోలో వచ్చింది. డాక్టరు వెంటనే ఎమ్మారై తియ్యాలన్నారు. ఆ రాత్రి మా చేతిలో కదిలించగలిగిన డబ్బు జెర్సీలదే. గ్రూపులో పెట్టి అందరినీ అడిగేంత టైం ఉంది అనుకోలేదు, తర్వాత మర్నాడైనా చెప్పాల్సింది.

ఎమ్మారైకి 6,500, డాక్టర్ ఫీజులు మందులు 2,900, మోకాలి బెల్టు 2,800, ఫిజియోథెరపీ 12 సార్లు 350 చొప్పున 4,200. మొత్తం 16,400. లిగమెంట్ సగం తెగింది, ఆపరేషన్ అక్కర్లేకుండానే వ్యాయామంతో సర్దుకోవచ్చని అన్నారు. పిలకాయలు పోయినేటి జెర్సీలతోనే ఆడారు, 4, 9 నంబర్లు చెరిగిపోతే రిఫరీ ఒప్పుకోక టేపుతో అతికించుకున్నారు.

ఖర్చు మొత్తం 1,06,210. మిగిలింది 7,950, బ్యాంకులో 7,400, చేతిలో 550. రశీదు లేని ఖర్చు 1,870 ఉంది, ఆటోలు, అరటిపళ్ళ బండి, దాన్ని విడిగా కాగితం మీద తేదీలతో రాశాం.

జెర్సీలకి ఇచ్చిన తొమ్మిది మందిలో ఎవరైనా డబ్బు వెనక్కి కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి, మిగులు చాలకపోతే కమిటీలో ఉన్న ఐదుగురం వేసుకుని ఇస్తాం. ఇంకో మాట, టీమ్‌లో ఒక్కరికీ బీమా లేదు. వచ్చే సీజన్ చందాల్లోంచి మొదటి 10,000 దెబ్బలకని పక్కన పెట్టి, ఆ తర్వాతే బంతులైనా బట్టలైనా కొనాలని మా అభిప్రాయం. ఎవరైనా కాదంటే రాయండి.

రశీదులు, బ్యాంకు పుస్తకం శనివారం సాయంత్రం 5 గంటలకి గ్రౌండ్ దగ్గర వేపచెట్టు కింద పెడతాం, వచ్చి ఎవరైనా చూసుకోవచ్చు. అబ్బాయికి ఫిజియో ఇంకా నాలుగుసార్లు ఉంది, ఆ 1,400 ఉన్న నిల్వలోంచే కడతాం. ఇప్పుడు రోజూ సాయంత్రం వచ్చి టచ్‌లైన్ వెంట నిదానంగా నడుస్తున్నాడు.