లోతైనది తజావా, బివా కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో మీరు వేసిన జపాన్ యాత్ర వ్యాసంలో చిన్న తప్పు దొర్లింది. ఆ దేశంలో అన్నిటికన్నా లోతైన సరస్సు బివా అని రాశారు. బివా అన్నిటికన్నా పెద్దది, నిజమే. లోతు మాత్రం 104 మీటర్లకు మించదు. లోతైనది తజావా. ఉత్తరాన అకితా ప్రాంతంలో ఉంది, 423 మీటర్లు. మన చెన్నై మౌంట్‌రోడ్డు ఎల్ఐసీ భవనాలు ఎనిమిదింటిని ఒకదాని మీద ఒకటి నిలబెడితే సుమారుగా అంత. సవరణ వేయగలరు.

ఇంతవరకు రాసి సంతకం పెట్టేద్దామనుకున్నాను. కానీ అదే రోజు మీ చెన్నై పేజీలో ఇంకో వార్త ఉంది. నగరంలో చెరువుగట్ల మీద పార్కులు వస్తున్నాయని, నడకదారులు, రంగురంగుల దీపాలు పెడుతున్నారని. అందులో ‘సుందరీకరణ’ అనే మాట నాలుగుసార్లు వచ్చింది. (లెక్కపెట్టాను. ఇక్కడ తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన అలవాటు, ఎర్రపెన్ను చేతిలో లేకపోయినా చెయ్యి ఊరుకోదు.) ఆ రెండూ ఒకే పూట చదివేసరికి నాకు తజావా ఒడ్డున ఒక దుకాణంలో జరిగింది గుర్తొచ్చి, ఈ ఉత్తరం పొడుగైంది.

మా అమ్మాయి, అల్లుడు టోక్యోలో ఉంటారు. కిందటి ఏడాది అక్టోబరు చివర మేమిద్దరం వెళ్లాం. అందరూ చూపించే ఫ్యూజీ కొండ మబ్బులో దాక్కుని మాకు మొహం చూపించలేదు. దాంతో అల్లుడు, “అత్తయ్యా, ఉత్తరానికి పోదాం, ఆకులు ఎర్రబడే కాలం ఇదే” అని కొమాచి అనే రైలెక్కించాడు. మూడు గంటల పైచిలుకు ప్రయాణం. కాకునొదాతె అనే పాత ఊళ్లో దిగి, టాక్సీలో దకిగయెరి అనే నది ఇరుకుకు వెళ్లాం. తమగావా అనే నది కొండల్ని కోసుకుంటూ పారే చోటు అది, పొడవు 10 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పాపికొండల దగ్గర గోదావరి ఇరుకు చూసినవాళ్లు అంత ఊహించుకోవద్దు. ఇది చిన్నది, చేతికి అందేంత దగ్గరగా ఉంటుంది. దకిగయెరి అంటే కౌగిలించుకుని తిరగడం అని అర్థమట. పూర్వం దారి ఎంత సన్నగా ఉండేదంటే, ఎదురుపడ్డ ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని గిర్రున తిరిగితే తప్ప దాటడానికి వీలయ్యేది కాదట. మా వారు అది విని నా వైపు, తన పొట్ట వైపు చూసుకుని, “మనం అయితే అక్కడే ఉండిపోయేవాళ్లం” అన్నారు.

ఇప్పుడు దారి బాగానే ఉంది. మొదట్లోనే 1926లో కట్టిన ఎర్రరంగు వేలాడే వంతెన ఉంది, అడుగు వేస్తే ఊగుతుంది. తర్వాత కొండను తొలిచిన చీకటి సొరంగాలు, ఫోన్ లైటు వేసుకుని నడిచాం. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి నడిచేవాళ్లు సంచికి చిన్న గంట కట్టుకుంటారు. మాకూ ఒకటి కొన్నాడు అల్లుడు. సంక్రాంతి గంగిరెద్దులాగా గణగణలాడుతూ వెళ్లాను. అరగంట నడిస్తే 30 మీటర్ల జలపాతం, పేరు మికయెరి. వెనక్కి తిరిగి తిరిగి చూసుకునేంత బాగుంటుందని ఆ పేరు.

కానీ నేను వెనక్కి తిరిగి చూసింది జలపాతాన్ని కాదు, కింద నదిని. ఆ నీలం ఎలా చెప్పాలో తెలియదు. తెల్లబట్టలకు నీలిమందు పెట్టేటప్పుడు బకెట్లో రెండు చుక్కలు ఎక్కువ పడితే వచ్చే రంగు, దానికి కాస్త పాలు కలిపినట్టు. పైన కొండంతా పసుపు, కుంకుమ. ఫొటోలు తీసి తీసి నా ఫోన్ నిండిపోయింది. మనవరాలి పుట్టినరోజు వీడియోలు కొన్ని తీసేసి మరీ చోటు చేశాను, ఆ సంగతి మా అమ్మాయికి ఇంకా తెలియదు.

మర్నాడు తజావా. గుండ్రటి సరస్సు, చుట్టూ తిరిగితే 20 కిలోమీటర్లు. ఒడ్డున తెల్ల ఇసుక, హంస పడవలు, అద్దె సైకిళ్లు, నీళ్లలోకి చూస్తున్న గుడి ఎర్ర తోరణద్వారం. ఇంకోవైపు బంగారు రంగులో తత్సుకో అనే అమ్మాయి విగ్రహం, 1968లో పెట్టింది. ఆ కథ మన పల్లెల్లో చెప్పుకునే కథల్లాగే ఉంటుంది. తన అందం ఎప్పటికీ చెడకూడదని తత్సుకో వంద రాత్రులు మొక్కుకుంది. ఫలానా ఊట నీళ్లు తాగమని దేవత చెప్పింది. తాగింది, దాహం తీరలేదు, తాగుతూ తాగుతూ పెద్ద సర్పంలా మారిపోయి ఆ సరస్సుకే అధిదేవత అయింది. వెతుక్కుంటూ వచ్చిన తల్లి ఏడుస్తూ చేతిలోని కాగడాను నీళ్లలోకి విసిరింది. ఆ కాలిన కట్టె చేప అయింది. దాని పేరు కునిమసు. అందుకే అది నల్లగా ఉంటుందంటారు.

విగ్రహం దగ్గర నీళ్లలో గుంపుగా చేపలు తిరుగుతున్నాయి. మేత వేస్తే ఎగబడుతున్నాయి. నేనూ వేశాను. సరస్సు నిండా చేపలే అనుకున్నాను.

మధ్యాహ్నం ఒడ్డున దుకాణంలో కూర్చున్నాం. అన్నాన్ని మెదిపి పుల్లకు పొదిగి, ఉప్పటి సోయా ముద్ద పూసి నిప్పుల మీద కాల్చి ఇస్తారు. బాగుంది. (సంచిలో ఉన్న గోంగూర పచ్చడి తీయబోతే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది.) పక్కనే ఉప్పు రాసి కాలుస్తున్న చేపలు. మాది నెల్లూరు. నీళ్ల పక్కన నిలబడిన నెల్లూరువాళ్లు మొదట అడిగే మాట ఒకటే ఉంటుంది కదా, “ఇక్కడ ఏం చేపలు పడతాయి?” అని. అదే అడిగాను. దుకాణం ఆవిడ కాలుస్తున్న చేపను చూపించి, సరస్సును చూపించి, రెండు చేతులూ ఎదురుగా అడ్డంగా పెట్టింది. కాదు అని చెప్పడానికి అక్కడ అలా పెడతారు. అల్లుడు ఫోన్లో తర్జుమా చేసి చెప్పాడు. ఆ చేప పెంపకపు చెరువుది, సరస్సుది కాదు, సరస్సులో పట్టుకు తినే చేప లేదు. తర్వాత ఆవిడే రోడ్డు పక్కనున్న ఒక చిన్న ప్రదర్శనశాల దారి చూపించింది. 2017లో తెరిచిన కునిమసు చేప ప్రదర్శనశాల.

లోపల తెలిసింది. ఆ తత్సుకో కథలో చేప ప్రపంచం మొత్తంలో ఈ ఒక్క సరస్సులోనే ఉండేది. ఒక్కో చేపకు కిలోన్నర దాకా బియ్యం మారకం ఇచ్చేవారట. ముందురోజు నేను ఫోన్ నిండా నింపుకున్న ఆ నీలి నది ఉంది చూశారూ, తమగావా, దాని ఎగువన ఒక వేడినీటి ఊట ఉంది. 98 డిగ్రీల వేడి, నిమిషానికి 8 వేల లీటర్లకు పైగా, నిమ్మరసం కంటే ఘాటైన ఆమ్లం. కింద పొలాలవాళ్లు ఆ నదిని విషపు నీరు అనేవాళ్లు. 1940లో కరెంటు తీయడానికీ, ఆమ్లాన్ని పలుచన చేసి పొలాలకు పెట్టుకోవడానికీ ఆ నదిని తజావాలోకి మళ్లించారు. కొన్నేళ్లలోనే చేపలు చచ్చిపోయాయి. ఆ పులుపుకు ఓర్చుకుని నిలిచింది ఉగుయి అనే ఒక రకం. నేను మేత వేసింది వాటికే.

సరస్సు మాత్రం పాడైనట్టు కనబడదు. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. నాకు తల తిరిగింది అక్కడే. మురికి, వాసన, నురగ, ఇలాంటివి ఏమీ లేకుండా కూడా ఒక చెరువు చచ్చిపోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

నీళ్లు మళ్లించడమే తప్పని అంటానేమో అనుకోకండి. నేను అనలేను. మా ఇంటి కుళాయిలో వచ్చేవాటిలో మా నెల్లూరు వైపు కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి వచ్చే కృష్ణ నీళ్లు కూడా కలుస్తాయి. 1983లో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే 1996లో మద్రాసుకు నీళ్లు చేరాయి. 2019 ఎండల్లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్న ఊరిది. తాగేవాళ్లకు నీళ్ల విలువ తెలుసు. అకితా రైతుకూ అంతే అయి ఉంటుంది.

మిగతా కథ కూడా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. చేప మాయమయ్యాక ఆ ఊరివాళ్లు దాన్ని మర్చిపోలేదు. 1990లలో, కునిమసును బతికుండగా తెచ్చినవాళ్లకు మొదట 10 లక్షల యెన్లు, తర్వాత 50 లక్షల యెన్లు ఇస్తామని ప్రకటించారు. ఎవరూ తేలేకపోయారు. అయితే 1935లో, అంటే నదిని మళ్లించకముందే, ఆ చేప గుడ్లను దూరంగా ఫ్యూజీ కొండ దగ్గరి సాయికో అనే సరస్సుకు పంపి ఉన్నారు. అక్కడివాళ్లు వలలో పడే నల్లచేపను ఏదో మామూలు రకమేలే అనుకుంటూ తింటున్నారు. 2010లో క్యోటో విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఒకాయన, కునిమసు బొమ్మ గీసిపెట్టమని ఒక చేపల చిత్రకారుణ్ణి అడిగారు. ఆ చిత్రకారుడు బొమ్మకు నమూనాగా ఉంటాయని సాయికో చేపలు తెప్పించాడు. చూస్తే అవే కునిమసులు! డెబ్భై ఏళ్ల తర్వాత. ఆ ఏడాది తన పుట్టినరోజున అప్పటి జపాన్ చక్రవర్తి అకిహితో కూడా ఆ సంగతి ప్రస్తావించారు. ఆయన స్వయంగా చేపల శాస్త్రజ్ఞుడు.

ఇప్పుడు ఆ ప్రదర్శనశాలలో అద్దాల తొట్టిలో, సాయికో ఉన్న యమనాషీ ప్రాంతంవాళ్లు ఇచ్చిన కునిమసులు ఈదుతున్నాయి. జానెడుకు కాస్త ఎక్కువ, మసిపట్టిన గిన్నె రంగు. కిటికీలోంచి చూస్తే వాటి సొంత సరస్సు కనబడుతూనే ఉంటుంది, వదలడానికి లేదు. 1991 నుంచి ఎగువన సున్నపురాయితో ఆ ఊట నీటి ఘాటు తగ్గిస్తున్నారు. అయినా సరస్సు ఇంకా పూర్తిగా మారలేదు. 423 మీటర్ల లోతున్న గిన్నెలో పులుసు పోసి, తర్వాత చెంచాతో ఉప్పు సరిచేస్తామంటే అవుతుందా?

ఇక మా ఇంటి దగ్గరి చెరువు. పేరు రాయను. అయిదేళ్ల కింద దానికి కూడా సుందరీకరణ జరిగింది. నడకదారి వేశారు, బల్లలు వేశారు, సిమెంటు కొంగలు నాలుగు పెట్టారు, నోట్లోంచి నీళ్లు చిమ్మే సిమెంటు చేప ఒకటి పెట్టారు. నేను రోజూ నడిచేది అక్కడే, సౌకర్యంగా ఉంది, కాదనను. కానీ కిందటి వేసవిలో మొదటి వాన పడ్డ మర్నాడు పొద్దున అసలు చేపలు వెల్లకిలా తేలాయి. గట్టు పొడుగునా తెల్లగా, ఎవరో మల్లెపూలు చల్లినట్టు. వానకు పక్క వీధుల మురుగంతా తూములోంచి లోపలికొచ్చింది. అది కుళ్లుతుంటే నీళ్లలో ప్రాణవాయువు అయిపోతుంది, తెల్లారేసరికి చేపలకు ఊపిరాడదు. మా వారు ఫోన్లో ఫిర్యాదు పెట్టారు. మూడో రోజు “మీ సమస్య పరిష్కరించబడినది” అని మెసేజ్ వచ్చింది. చూస్తే చచ్చిన చేపల్ని ఎత్తేశారు. తూము అలాగే ఉంది. ఇప్పుడు అందులో మిగిలినవి జిలేబీ చేపలే. ఎలాంటి నీళ్లయినా ఓర్చుకుంటాయి కదా. పిల్లలు వాటికి మరమరాలు వేస్తుంటారు. చేపలెన్ని ఉన్నాయో అని తల్లులు మురిసిపోతుంటారు. నేను చూసి పక్కకు తిరిగి నడుస్తాను, ఎందుకంటే నేనూ అదే పని చేసి వచ్చాను.

కాబట్టి, అయ్యా, బివా సవరణతో పాటు ఇంకొక్క మనవి. ఈసారి చెరువు పార్కుల వార్త రాసేటప్పుడు మీ విలేకరిని దీపాలెన్ని, బల్లలెన్ని అని అడిగాక, ఇక్కడ ఏం చేపలు పడతాయి అని కూడా అడగమనండి. గట్టు మీద గేలం వేసుకుని కూర్చునే ముసలాయన ఎక్కడైనా ఒకరు ఉంటారు. మా చెరువులో అయితే ఒకప్పుడు కొర్రమీను పడేదని ఆయనే చెప్పాడు.

విలేకరిగారు వస్తానంటే ఏ ఆదివారమైనా సరే. గేటు పొద్దున అయిదున్నరకు తీస్తారు. తూర్పు గట్టు చివర, సిమెంటు కొంగల వెనక, ఆ తూము దగ్గరే ఉంటాం. గుర్తుపట్టడం తేలిక. నా చేతిసంచికి ఎలుగుబంటి గంట ఉంటుంది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
చెన్నై.